ఆఫీసు లోపలి డీఎన్‌ఎస్: చెడిపోయే రోజును చూసి ఎంచుకోండి

"నెట్ వస్తుందన్నా, యూట్యూబ్ కూడా నడుస్తుంది. మన సాఫ్ట్‌వేరే ఓపెనైతలేదు."

హనుమకొండలో చిన్న ఆఫీసులు, ల్యాబ్‌లు, కాలేజీల నెట్‌వర్క్‌లు చూసుకునే నాకు ఫోన్లో ఎక్కువసార్లు వినబడే మాట ఇది. సగం జబ్బు ఈ మాటలోనే తెలిసిపోతుంది. ఇంటర్నెట్ బాగుంది, వైర్లు బాగున్నాయి, లోపలి సర్వర్ కూడా బహుశా బాగానే ఉంది. పేరు అడిగితే చిరునామా చెప్పాల్సినవాడు, అంటే డీఎన్‌ఎస్ సర్వర్, పలకట్లేదు, లేదంటే తప్పు చెబుతున్నాడు.

లోపలి డీఎన్‌ఎస్‌కు ఏది పెట్టుకోవాలని అడిగేవాళ్లు ఎక్కువగా ఫీచర్ల లెక్క చూస్తారు. ప్రకటనలు ఆపుతుందా, స్పీడ్ పెరుగుతుందా, డ్యాష్‌బోర్డ్ బాగుంటుందా అని. నేను ముందు అడిగే ప్రశ్న వేరు. సోమవారం పొద్దున పది గంటలకు కౌంటర్ ముందు ఇరవై మంది నిలబడి ఉండగా ఇది ఆగిపోతే, అక్కడున్న మనిషి లోపం ఎక్కడుందో ఎంతసేపట్లో పట్టుకోగలడు? పేరుకు చిరునామా చెప్పడం అన్ని సాఫ్ట్‌వేర్లకూ వచ్చు. 1987లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 1034, 1035 ప్రమాణాల మీదే ఇవన్నీ నడుస్తాయి. బాగున్న రోజున వీటి మధ్య తేడా మీకు కనబడదు. చెడిన రోజున మాత్రం ఒకదానితో నాలుగు నిమిషాల్లో బయటపడతారు, ఇంకొకదానితో మధ్యాహ్నం దాకా టెన్షన్ పడతారు.

యూపీఎస్ ఉన్నవి బాగున్నాయి, లేనివి ఆగిపోయాయి

నయీంనగర్ వైపు ఒక డయాగ్నస్టిక్ సెంటర్. పదకొండు కంప్యూటర్లు. మధ్యాహ్నం కరెంటు పోయి పది నిమిషాల్లో వచ్చింది. ఆ తర్వాత ఆరు కంప్యూటర్లలో రిపోర్టుల సాఫ్ట్‌వేర్ తెరుచుకోలేదు, ఐదింటిలో ఎప్పటిలాగే నడిచింది. నడిచినవన్నీ యూపీఎస్ మీద ఉన్నవే. ఇంకేముంది, వోల్టేజీ ఎక్కువై నెట్‌వర్క్ కార్డులు పోయాయని అందరూ నిర్ణయించేశారు. ఎలక్ట్రీషియన్ వచ్చి ఎర్తింగ్ చూశాడు. నన్ను పిలిచేసరికి రెండు గంటలు గడిచాయి.

వెళ్లి పనిచేయని కంప్యూటర్ ముందు కూర్చుని ఐపీకాన్ఫిగ్ కమాండ్ 'ఆల్'తో కొట్టాను. డీఎన్‌ఎస్ సర్వర్ అన్నచోట 192.168.1.1 అని ఉంది. అక్కడ నేను పెట్టిన డీఎన్‌ఎస్ 192.168.1.10లో ఉంటుంది. పక్కన యూపీఎస్ ఉన్న కంప్యూటర్‌లో చూస్తే సరిగ్గా 192.168.1.10 అనే ఉంది. విషయం అర్థమైంది. ఆ రోజు పొద్దున్నే ఇంటర్నెట్ వాళ్ల మనిషి వచ్చి ఫైబర్ బాక్స్ మార్చి వెళ్లాడు. కొత్త బాక్స్‌లో డీహెచ్‌సీపీ, అంటే కంప్యూటర్లకు అడ్రస్ ఇచ్చి డీఎన్‌ఎస్‌గా ఎవరిని అడగాలో చెప్పే పని, ఆన్‌లోనే ఉంది. అంటే ఒకే నెట్‌వర్క్‌లో అడ్రస్‌లు పంచేవాళ్లు ఇద్దరయ్యారు. అప్పటికే నడుస్తున్న కంప్యూటర్లు పాత అడ్రస్‌తోనే ఉండిపోయాయి కాబట్టి మధ్యాహ్నం దాకా ఎవరికీ ఏమీ తెలియలేదు. కరెంటు పోయి మళ్లీ ఆన్ అయినవి మాత్రం కొత్తగా అడ్రస్ అడిగాయి. ముందు ఎవరు పలికితే వారి మాటే చెల్లుబాటు. కొత్త బాక్స్ ముందు పలికింది.

బాక్స్‌లో డీహెచ్‌సీపీ ఆపి, ఆరు కంప్యూటర్లలో అడ్రస్ వదిలించి మళ్లీ తీసుకోమన్నాను. పని అయిపోయింది.

ఈ సంగతి ముందే చెప్పడానికి కారణం ఉంది. ఇందులో డీఎన్‌ఎస్ సాఫ్ట్‌వేర్ తప్పు ఏమీ లేదు. కింద చెప్పబోయే వాటిలో ఏది పెట్టుకున్నా ఆ రోజు ఇలాగే ఆగిపోయేది. కాబట్టి సర్వర్ మార్చాలనే ఆలోచన వచ్చినప్పుడు, ముందు మీ కంప్యూటర్ అసలు ఎవరిని అడుగుతుందో చూడండి. నన్ను పిలిచిన చోట్లలో చాలావాటికి మందు అక్కడే దొరికింది.

జవాబులో ఏముందో చదవండి

డీఎన్‌ఎస్‌ను పేరు అడిగి చూసే ఎన్‌ఎస్‌లుకప్ కమాండ్ విండోస్‌లో ఉండనే ఉంటుంది. లినక్స్‌లో అయితే డిగ్ ఇంకా మంచిది. పేరు రాసి, దాని పక్కన మీ డీఎన్‌ఎస్ సర్వర్ ఐపీ కూడా రాయండి. అప్పుడు కమాండ్ మధ్యలో ఎవరినీ కలపకుండా నేరుగా ఆ సర్వర్‌నే అడుగుతుంది. పేరు చివర ఒక చుక్క కూడా పెట్టండి. లేకపోతే విండోస్ తనకు తెలిసిన డొమైన్ పేరును వెనక తగిలించి అడిగి మిమ్మల్ని తికమక పెడుతుంది.

పైన 'సర్వర్: అన్‌నోన్' అని కనబడగానే చాలామంది అక్కడే లోపం ఉందనుకుంటారు. ఆ సర్వర్ ఐపీకి తిరుగు రికార్డు, అంటే నంబరు నుంచి పేరు చెప్పే రికార్డు రాయలేదని మాత్రమే దాని అర్థం. దాన్ని వదిలేసి కింద వచ్చిన జవాబు చూడండి.

అసలు జవాబు రాకపోతే నాలుగు రకాలుగా ఉంటుంది. టైమౌట్ అంటే ప్రశ్న సర్వర్ దాకా చేరలేదు, లేదా సర్వర్ నడవట్లేదు. ఫైర్‌వాల్‌లో 53వ పోర్టు చూడాలి, యూడీపీ, టీసీపీ రెండూ. రెఫ్యూజ్డ్ అంటే సర్వర్ బతికే ఉంది, కానీ మీకు జవాబు చెప్పే అనుమతి దానికి ఇవ్వలేదు. ఎన్‌ఎక్స్‌డొమైన్ అంటే 'అలాంటి పేరే లేదు' అని ఖచ్చితంగా చెప్పడం. సర్వ్‌ఫెయిల్ అంటే సర్వర్ ప్రయత్నించి విఫలమైంది. పేర్ల పట్టీ ఉండే జోన్ ఫైల్లో తప్పు ఉండొచ్చు, పైసర్వర్ అందకపోయి ఉండొచ్చు, జవాబు అసలైనదేనా అని సంతకం చూసే డీఎన్‌ఎస్‌సెక్ తనిఖీ తప్పి ఉండొచ్చు. నాలుగింటికీ నాలుగు వేర్వేరు మందులు. 'డీఎన్‌ఎస్ పనిచేయట్లేదు' అని ఫోన్ చేసేవాళ్లను నేను ముందు అడిగేది ఈ నాలుగింటిలో ఏదొచ్చిందనే.

ఇంకొకటి. ఎన్‌ఎస్‌లుకప్ సరైన ఐపీ చెబుతూ, పింగ్ మాత్రం పాత ఐపీకి వెళ్తుంటే సర్వర్‌ను ముట్టుకోకండి. ఎన్‌ఎస్‌లుకప్ ఆ కంప్యూటర్‌లోనే పేర్లు, ఐపీలు రాసి ఉండే హోస్ట్స్ ఫైల్‌నూ, కంప్యూటర్ దాచుకున్న పాత జవాబులనూ చూడదు. పింగ్ చూస్తుంది. కాబట్టి తప్పు ఆ కంప్యూటర్ లోపలే ఉంది.

రెండో డీఎన్‌ఎస్‌గా 8.8.8.8 పెట్టకండి

సాఫ్ట్‌వేర్ల పోలికకు ముందు దీని గురించి గట్టిగా చెప్పాలి. ఎందుకంటే దీన్ని తప్పు అనుకోకుండా, ముందుజాగ్రత్త అనుకుని పెట్టేవాళ్లే ఎక్కువ. మొదటి డీఎన్‌ఎస్ మనది, అది పోతే రెండోది గూగుల్‌ది, నెట్ ఆగకుండా ఉంటుంది కదా అంటారు.

కాజీపేటలో మా మేనత్త ఇల్లెక్కడ అని ఢిల్లీలో ఎవరినైనా అడిగితే ఏమంటారు? తెలియదు అంటే ఫర్వాలేదు, ఇంకొకరిని అడుగుతాం. గూగుల్ డీఎన్‌ఎస్ అలా అనదు. మీ లోపలి పేరు అడిగితే 'అలాంటి పేరే లేదు' అని అధికారికంగా చెబుతుంది. కంప్యూటర్ ఆ మాట నమ్మేస్తుంది, మళ్లీ మొదటి సర్వర్‌ను అడగదు. పైగా రెండోది అంటే మొదటిది పూర్తిగా పోయినప్పుడే అడిగేది అనుకోవడం పొరపాటు. మొదటిది ఒక్క క్షణం ఆలస్యం చేసినా రెండోదాన్ని అడుగుతారు. కొన్ని సిస్టమ్‌లు ఆ తర్వాత రెండోదానితోనే ఉండిపోతాయి. అందుకే 'రోజుకు రెండుసార్లు ఆగుతుంది, దానంతటదే వస్తుంది' అనే ఫిర్యాదు పుడుతుంది. వారం రోజులు వెతికినా దొరకని లోపం ఇదే.

రెండోది కావాలంటే, అవే పేర్లు తెలిసిన మరో లోపలి సర్వర్ పెట్టండి. లేదంటే ఒక్కదానితోనే ఉండండి. ఒక్కటే ఉంటే ఆగినప్పుడు అందరికీ ఒకేసారి ఆగుతుంది, వెంటనే తెలుస్తుంది.

హోస్ట్స్ ఫైలు, ఇంటర్నెట్ బాక్సు

1983లో డీఎన్‌ఎస్ రాకముందు ఇంటర్నెట్‌కు మూలమైన ఆర్పానెట్ అంతా ఒకే హోస్ట్స్ ఫైలు మీద నడిచింది. ఎవరికి వారు దాన్ని దించుకునేవాళ్లు. మూడు నాలుగు కంప్యూటర్లున్న చోట ఇప్పటికీ అది చాలు. ఏనుమాముల మార్కెట్ దగ్గర ఒక పత్తి వ్యాపారి ఆఫీసులో రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటర్. డీఎన్‌ఎస్ సర్వర్ పెట్టమని అడిగితే వద్దన్నాను. రూటర్‌లో ప్రింటర్‌కు ఒకే ఐపీ వచ్చేలా రిజర్వ్ చేసి, హోస్ట్స్ ఫైల్లో ఒక లైను రాశాను. అక్కడ చెడడానికి ఏమీ లేదు.

హోస్ట్స్ ఫైల్‌తో వచ్చే చిక్కులు రెండే. నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేస్తే చివర టీఎక్స్‌టీ తగిలి ఫైలు పనిచేయకుండా పోతుంది. ఫోన్లలో మార్చడానికి మామూలుగా వీలుండదు. ఎనిమిది పది కంప్యూటర్లు దాటితే మూడో చిక్కు మొదలవుతుంది. ఐపీ మారిన రోజున అన్నింటి దగ్గరికీ తిరగాలి. ఒకదాన్ని మరిచిపోతారు, ఆ ఒక్కటే ఆరు నెలల తర్వాత మిమ్మల్ని పిలుస్తుంది.

ఇంటర్నెట్ వాళ్లిచ్చే బాక్స్‌లో లోపలి పేర్లు రాసుకునే చోటు తరచుగా ఉండదు. ఉన్నా బాక్స్ మార్చిన రోజున మీ పేర్లన్నీ దాంతోపాటే పోతాయి. మైక్రోటిక్ రూటర్ సొంతంగా ఉంటే అందులో స్టాటిక్ డీఎన్‌ఎస్ ఎంట్రీలు పెట్టుకోవచ్చు, చిన్న ఆఫీసుకు చక్కగా సరిపోతుంది. అందులో ఇతర కంప్యూటర్ల ప్రశ్నలకు జవాబు చెప్పే సెట్టింగ్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. దాన్ని ఆన్ చేస్తేనే లోపలి కంప్యూటర్లకు జవాబొస్తుంది. కానీ ఆన్ చేసిన వెంటనే ఇంటర్నెట్ వైపు నుంచి 53వ పోర్టును ఫైర్‌వాల్‌లో మూసేయండి. మూయకపోతే ఊరూపేరూ లేనివాళ్లంతా మీ రూటర్‌ను వాడుకుని ఇంకొకరి మీద దాడి చేస్తారు. మీకేమో 'నెట్ స్లో అయింది' అని మాత్రమే తెలుస్తుంది.

పది నుంచి నలభై కంప్యూటర్లకు నా ఓటు డీఎన్‌ఎస్ మాస్క్‌కే

దీని మీద కాస్త ఎక్కువసేపు ఆగుతాను. మన దగ్గర ఎక్కువ ఆఫీసులు ఈ సైజువే.

డీఎన్‌ఎస్ మాస్క్ చాలా చిన్న ప్రోగ్రామ్. ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ అనే సాఫ్ట్‌వేర్ వేసిన రూటర్లలో ఇదే ఉంటుంది. ప్రకటనలు ఆపే పై-హోల్ లోపల నడిచేది కూడా దీని నుంచి పుట్టిందే. లినక్స్ వేసిన పాత కంప్యూటర్ మీద హాయిగా నడుస్తుంది. లోపలి పేర్లను ఆ కంప్యూటర్ హోస్ట్స్ ఫైల్లోనే రాస్తారు, ఒక లైనులో ఐపీ, పక్కన పేరు. ఆఫీసులో అకౌంట్స్ చూసే అమ్మాయికి కూడా ఫోన్లో చెప్పి రాయించవచ్చు. డీహెచ్‌సీపీ కూడా ఇదే ఇస్తే, ఏ కంప్యూటర్ వచ్చి తన పేరు చెప్పుకున్నా ఆ పేరు దానంతటదే డీఎన్‌ఎస్‌లో చేరుతుంది. అడ్రస్ ఇచ్చేదీ, పేరు చెప్పేదీ ఒకటే కావడంతో రెండు పట్టీలు సరిపోలకపోవడం అనే గొడవ ఉండదు.

నాకు ఇది నచ్చడానికి అసలు కారణం దాని లాగ్. లాగ్ క్వెరీస్ అనే ఒక లైను ఆన్ చేస్తే ప్రతి ప్రశ్న గురించీ రాసిపెడుతుంది. మొదట 'క్వెరీ' అని, ఏ పేరు అడిగారో, ఏ ఐపీ నుంచి అడిగారో ఉంటుంది. దాని కింది లైను హోస్ట్స్ ఫైలు పేరుతో మొదలైతే, జవాబు మీరు రాసిన పట్టీ నుంచి వచ్చింది. 'క్యాష్డ్' అని ఉంటే దాచుకున్న జవాబు ఇచ్చింది. 'ఫార్వర్డెడ్' అని ఉంటే బయటికి పంపింది. లోపలి పేరు పక్కన ఫార్వర్డెడ్ అని కనబడిందంటే ఇక వెతకక్కర్లేదు, ఆ పేరు మీ పట్టీలో లేదు. ఒక జూనియర్ కాలేజీ ల్యాబ్‌లో ఇలాగే పట్టుకున్నాను. పట్టీలో ఎగ్జామ్ అని ఉంది, పిల్లల కంప్యూటర్లు ఎగ్జామ్స్ అని అడుగుతున్నాయి. చివర ఒక్క ఎస్ అక్షరం.

అసలు క్వెరీ లైనే పడకపోతే ఇంకా మేలు. ప్రశ్న సర్వర్ దాకా రాలేదని తేలిపోతుంది. సర్వర్ వదిలేసి కంప్యూటర్ వైపు, మధ్యలో ఉన్న ఫైర్‌వాల్ వైపు చూడొచ్చు. ఇంత సూటిగా దారి చూపించే లాగ్ నాకు మిగతా వాటిలో కనబడలేదు.

దీనికీ చిక్కులున్నాయి. ఉబుంటులో పెట్టగానే 'అడ్రస్ ఆల్రెడీ ఇన్ యూజ్' అని మొండికేస్తుంది. అక్కడ సిస్టమ్‌డీ రిజాల్వ్డ్ అనే సర్వీస్ ముందే 53వ పోర్టులో కూర్చుని ఉంటుంది. దాని స్టబ్ లిజనర్‌ను ఆపాలి. హోస్ట్స్ ఫైల్ మార్చాక సర్వీస్‌ను రీలోడ్ చేయాలి, లేకపోతే పాతదే చెబుతుంది. మీ లోపలి జోన్ పేరును బయటికి పంపొద్దని చెప్పే సెట్టింగ్ తప్పక పెట్టండి. లేకపోతే పట్టీలో లేని ప్రతి లోపలి పేరు గురించీ ఇంటర్నెట్‌లోకి వెళ్లి అడుగుతుంది.

రీబైండ్ రక్షణ ఆన్ చేసి ఉంటే మరో చిక్కు. మీ సొంత డొమైన్‌లో బయటి డీఎన్‌ఎస్‌లోనే లోపలి ఐపీ రాసి ఉంటే, మొబైల్ నెట్‌లో ఆ పేరుకు జవాబొస్తుంది, ఆఫీసు వైఫైలో రాదు. బయటి నుంచి వచ్చిన జవాబులో లోపలి ఐపీ కనబడితే డీఎన్‌ఎస్ మాస్క్ దాన్ని దాడిగా భావించి ఆపేస్తుంది. లాగ్‌లో రీబైండ్ అటాక్ అనే మాట కనబడుతుంది. భయపడక్కర్లేదు, మీ డొమైన్‌కు మినహాయింపు రాస్తే సరి.

పై-హోల్, యాడ్‌గార్డ్ హోమ్ ఇంటికి మంచివి. డ్యాష్‌బోర్డ్‌లో ఏ ప్రశ్న ఎటు వెళ్లిందో రంగుల్లో కనబడుతుంది, కమాండ్లు రాని వాళ్లకు అది పెద్ద సాయం. ఆఫీసులో మాత్రం నేను ప్రకటనల పట్టీలను చాలా తక్కువగా వాడతాను. ఏదైనా ప్రభుత్వ పోర్టల్‌లోనో, చెల్లింపు పేజీలోనో ఒక భాగం తెరుచుకోకపోతే, అది పట్టీ వల్లా, పోర్టల్ వల్లా అని తేల్చుకోవడానికే సమయం పోతుంది. చెడే చోట్లు ఎంత తక్కువ ఉంటే అంత మంచిది.

అన్‌బౌండ్, గడియారం

అన్‌బౌండ్ అనే డీఎన్‌ఎస్ సాఫ్ట్‌వేర్ పని వేరు. ఇది గూగుల్‌నో, క్లౌడ్‌ఫ్లేర్‌నో అడగకుండా, డీఎన్‌ఎస్ మొత్తానికి మొదలైన రూట్ సర్వర్ల నుంచి మొదలుపెట్టి తానే వెతుక్కుంటుంది. డీఎన్‌ఎస్‌సెక్ సంతకాలు తనిఖీ చేస్తుంది. లోపలి పేర్లు కొన్ని రాసుకోవడానికీ వీలుంది. ఇంటర్నెట్ వాళ్ల డీఎన్‌ఎస్ మీద నమ్మకం లేనివాళ్లకు, మంచి తనిఖీ కావాలనుకునేవాళ్లకు ఇది సరైనది.

పెట్టిన మొదటి రోజు ఎదురయ్యేవి ముందే చెబుతాను. అన్‌బౌండ్ మొదట తన కంప్యూటర్ నుంచి వచ్చే ప్రశ్నలే వింటుంది. మీ నెట్‌వర్క్ వైపు వినమని ఇంటర్‌ఫేస్ రాయాలి. అది రాశాక కూడా రెఫ్యూజ్డ్ అంటుంది, యాక్సెస్ కంట్రోల్‌లో మీ 192.168 శ్రేణికి అనుమతి రాయాలి. చాలామంది మొదటిది చేసి రెండోది మరిచిపోతారు. మూడోది, లోపలి ఐపీల తిరుగు రికార్డుల కోసం ఇంకో సర్వర్‌ను అడగమని చెప్పినా అడగదు, ఆ జోన్లకు 'లేదు' అనే జవాబు ముందే కట్టి ఉంటుంది. ఆ కట్టును విప్పే లైను ఒకటి రాయాలి.

గడియారం సంగతి మాత్రం నేను పడి నేర్చుకున్నాను. 2023 జులై చివర్లో వరంగల్, హనుమకొండ కాలనీల్లోకి వరద నీళ్లు వచ్చినప్పుడు ఒక ఆఫీసు రెండు రోజులు మూతబడింది. అక్కడ రాస్‌బెర్రీ పై 4 అనే చిన్న బోర్డు కంప్యూటర్ మీద అన్‌బౌండ్ నడిపేవాణ్ణి. కరెంటు వచ్చాక అన్నీ ఆన్ చేస్తే, లోపలి పేర్లన్నీ పలుకుతున్నాయి, బయటి పేర్లలో చాలావాటికి సర్వ్‌ఫెయిల్. పింగ్ 1.1.1.1 వెళ్తోంది. కేబుల్ మార్చాను, రూటర్ మార్చాను. చివరికి ఎందుకో డేట్ అని కొట్టాను. రెండు రోజుల కిందటి తేదీ చూపించింది.

రాస్‌బెర్రీ పై 4లో గడియారానికి బ్యాటరీ ఉండదు. ఆగేముందు సేవ్ చేసుకున్న సమయం దగ్గరే మళ్లీ మొదలుపెడుతుంది. డీఎన్‌ఎస్‌సెక్ సంతకానికి మొదలయ్యే సమయం, ముగిసే సమయం ఉంటాయి. రెండు రోజులు వెనకున్న గడియారానికి నిన్న చేసిన సంతకం ఇంకా మొదలే కాలేదు, అందుకే చెల్లదంటుంది. సరే, ఇంటర్నెట్ నుంచి సమయం సరిచేసుకుంటుంది కదా అంటే, టైమ్ సర్వర్ పేరు వెతకాలి. ఆ పేరు చెప్పాల్సింది అన్‌బౌండే. అది సర్వ్‌ఫెయిల్ అంటోంది. తాళం లోపల తాళంచెవి.

చేతితో తేదీ మార్చగానే అన్నీ వచ్చేశాయి. ఇప్పుడు ఎక్కడ పెట్టినా లోపల ఒక టైమ్ సర్వర్‌ను పేరుతో కాకుండా ఐపీతో రాస్తాను, లేదంటే డీఎస్ 3231 గడియారం చిప్ తగిలిస్తాను. రాస్‌బెర్రీ పై 5లో గడియారం ఉంది గానీ దాని బ్యాటరీ విడిగా కొని పెట్టాలి. 'లోపలి పేర్లు సరే, బయటివి మాత్రం సర్వ్‌ఫెయిల్' అని ఎవరైనా చెబితే నేను ముందు అడిగేది తేదీ ఎంతని. కరెంటు తరచుగా పోయే చోట చిన్న బోర్డుల కంటే పాత డెస్క్‌టాప్ మేలనడానికి ఇదొక కారణం. మెమరీ కార్డు పాడవడం రెండో కారణం.

బైండ్ ఎవరికి

భవనాలు ఎక్కువ, వీల్యాన్‌లు (ఒకే వైర్ల మీద విడదీసిన నెట్‌వర్క్‌లు) ఎక్కువ, రెండు మూడు డీఎన్‌ఎస్ సర్వర్లు ఒకే పట్టీని పంచుకోవాలి, లోపలివాళ్లకు ఒక జవాబు బయటివాళ్లకు మరో జవాబు చెప్పాలి అంటే బైండ్ అనే డీఎన్‌ఎస్ సర్వర్ పెట్టండి. ఇంజనీరింగ్ కాలేజీ క్యాంపస్ అంత ఉంటే ఇది అవసరమవుతుంది. పదిహేను కంప్యూటర్ల ఆఫీసుకు బైండ్ పెట్టి వెళ్లిపోయినవాళ్లను చూశాను. తర్వాత వచ్చినవాడికి అది ముట్టుకోవడానికే భయం.

ఇక్కడ జరిగే తప్పులు ఎక్కువగా ఒక చుక్క చుట్టూ, ఒక నంబరు చుట్టూ తిరుగుతాయి. జోన్ ఫైల్లో పూర్తి పేరు రాసి చివర చుక్క మరిచిపోతే, బైండ్ దాని వెనక జోన్ పేరును ఇంకోసారి తగిలిస్తుంది. పేరు రెండింతలై ఎవరికీ దొరకదు. మార్పు చేసినప్పుడు జోన్ ఫైల్లోని సీరియల్ నంబరు పెంచకపోతే మొదటి సర్వర్‌లో కొత్త రికార్డు ఉంటుంది, రెండోది మాత్రం మార్పేమీ లేదనుకుని పాతదే చెబుతుంది. అప్పుడు ఒకసారి పనిచేసి ఒకసారి పనిచేయదు. కొత్త వీల్యాన్ వేసినప్పుడు వచ్చే రెఫ్యూజ్డ్ కూడా మామూలే. బైండ్ తనకు నేరుగా తగిలిన నెట్‌వర్క్‌లకే బయటి పేర్లు వెతికి పెడుతుంది, వేరే శ్రేణిని అనుమతుల్లో చేర్చాలి. మార్పు చేసిన ప్రతిసారీ రీలోడ్‌కు ముందు, జోన్ ఫైల్లో తప్పులు చూసే నేమ్‌డ్ చెక్‌జోన్ నడపండి. పది సెకన్ల పని.

విండోస్ సర్వర్ గురించి ఎక్కువ చెప్పను. ఆఫీసు లాగిన్లన్నీ ఒకేచోట చూసుకునే యాక్టివ్ డైరెక్టరీ ఉంటే దాని డీఎన్‌ఎస్‌నే వాడండి, అక్కడ ఎంపిక అనేదే లేదు. కంప్యూటర్లు లాగిన్ అయ్యే సర్వర్‌ను వెతుక్కునేదే డీఎన్‌ఎస్ రికార్డులతో. క్లయింట్లలో బయటి డీఎన్‌ఎస్ అసలు రాయకండి, బయటి పేర్ల కోసం సర్వర్‌లోనే ఫార్వర్డర్లు పెట్టండి. పాత రికార్డులను ఊడ్చే స్కావెంజింగ్ మొదట ఆఫ్‌లో ఉంటుంది, ఏళ్ల తరబడి చెత్త పేరుకుని ఒకే ఐపీకి మూడు పేర్లు కనబడతాయి. యాక్టివ్ డైరెక్టరీ లేకుండా కేవలం డీఎన్‌ఎస్ కోసం విండోస్ సర్వర్ లైసెన్స్ కొనొద్దు.

పేరు ఏది పెట్టాలి

సాఫ్ట్‌వేర్ కంటే ఇక్కడ చేసిన తప్పు ఎక్కువ కాలం వెంటాడుతుంది. చివర లోకల్ అని పెట్టకండి. 2013లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 6762 ప్రకారం అది మల్టీకాస్ట్ డీఎన్‌ఎస్‌ది. ప్రింటర్లు, యాపిల్ ఫోన్లు ఆ పేరు కనబడగానే మీ సర్వర్‌ను అడగకుండా పక్కనున్న వాళ్లందరినీ అరిచి అడుగుతాయి. నోటికొచ్చిన పేరూ వద్దు. డెవ్ అని లోపల వాడుకున్నవాళ్లు, అది గూగుల్ చేతిలో అసలైన డొమైన్ అయి, 2017లో క్రోమ్ దానికి హెచ్‌టీటీపీఎస్ తప్పనిసరి చేశాక ఇబ్బంది పడ్డారు.

హోమ్ డాట్ ఆర్పా 2018 నుంచి ఇళ్ల లోపలి వాడకానికి కేటాయించి ఉంది. డాట్ ఇంటర్నల్‌ను డొమైన్ పేర్లు చూసుకునే సంస్థ ఐకాన్ 2024లో ప్రైవేటు వాడకానికి పక్కన పెట్టింది. రెండూ సురక్షితమే. అయితే వీటికి బ్రౌజర్లు ఒప్పుకునే మామూలు సర్టిఫికెట్ దొరకదు. లోపలి సాఫ్ట్‌వేర్‌కు తాళం గుర్తు కావాలంటే మీ సొంత డొమైన్ కొని, దాని కింద ఒక ఉపపేరు లోపలికి వాడుకోండి. నేను ఇప్పుడు కొత్త ఆఫీసులన్నింటికీ అదే చేస్తున్నాను.

ఫోన్లు, బ్రౌజర్లు

అన్నీ సరిగ్గా ఉండి ఒక్క డాక్టరుగారి ఫోన్లోనే పేరు దొరకకపోతే, ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో ప్రైవేట్ డీఎన్‌ఎస్ చూడండి. అక్కడ ఏదైనా సర్వర్ పేరు రాసి ఉంటే ఆ ఫోన్ మీ సర్వర్‌ను అడగదు. బ్రౌజర్‌లో సెక్యూర్ డీఎన్‌ఎస్ కూడా అంతే. కంప్యూటర్‌లో పింగ్ సరే, బ్రౌజర్‌లోనే రాదంటే అది చూడాలి. ఫైబర్ బాక్స్ ఐపీవీ6లో తన డీఎన్‌ఎస్‌ను విడిగా ప్రకటిస్తుంటే మీరు ఐపీవీ4లో ఎంత సరిచేసినా సగం ప్రశ్నలు అటు పోతాయి. ఐపీకాన్ఫిగ్‌లో డీఎన్‌ఎస్ సర్వర్ల దగ్గర మొదటి లైను పొడుగ్గా, కోలన్లతో కనబడితే అదే సంగతి.

ర్యాక్ తలుపుకు ఒక కాగితం

ఏది ఎంచుకున్నా పెట్టిన రోజే ఒక కాగితం రాసి ర్యాక్ తలుపు లోపలివైపు అంటించండి. డీఎన్‌ఎస్ సర్వర్ ఐపీ, డీహెచ్‌సీపీ ఇచ్చేది ఏది, పేర్లు రాసిన ఫైలు ఎక్కడుంది, మార్చాక కొట్టాల్సిన రీలోడ్ కమాండ్, తప్పక పలకాల్సిన రెండు పేర్లు వాటి ఐపీలతో. ఇంటర్నెట్ బాక్స్‌లో డీహెచ్‌సీపీ ఆఫ్‌లో ఉండాలని పెద్ద అక్షరాలతో. ఆ డయాగ్నస్టిక్ సెంటర్‌లో ఇప్పుడు ఆ కాగితం ఉంది. తర్వాత ఒకసారి బాక్స్ మార్చినప్పుడు రిసెప్షన్‌లో ఉండే తమ్ముడే ఆ లైను చదివి, వచ్చిన మనిషితో అక్కడికక్కడే ఆఫ్ చేయించి, నాకు ఫోన్ చేసి చెప్పాడు.